లాటిను బిడ్డలు విశ్వవిద్యాలయపు మెట్లెక్కిన కథ

1818వ సంవత్సరము ఏప్రిలు మాసమున జర్మనీలోని యేనా పట్టణమునకు ఇరువదినాలుగేండ్ల యువకుడొకడు మహాకవి గేటే దర్శనార్థమై వచ్చెను. అతని పేరు ఫ్రీడ్రిహ్ డీట్స్. పుట్టిన ఊరు గీసెన్. నాలుగేండ్ల క్రితము నెపోలియనుపై యుద్ధమునకు తనంత తానై తుపాకి పట్టి పోయినవాడు. ఇటలీ కావ్యములన్నను, స్పెయిను వీరగాథలన్నను మక్కువ. ఆ మక్కువతో పొట్ట పోసికొనుట ఎట్లో మాత్రము తెలియదు. గేటే అతనికి పారిసులో వెలువడుచున్న ఒక గ్రంథమును గూర్చి చెప్పి, దానిని సంపాదించి చదువుమనెను. దక్షిణ ఫ్రాన్సునందు మధ్యయుగమున వెలసిన త్రూబదూరు కవుల పద్యముల సంపుటమది. కూర్చినవాడు రేనువార్ అను పండితుడు. జరిగిన సంభాషణ యింతే. రొమాన్సు భాషల చదువు విశ్వవిద్యాలయములలో పట్టమునకు తగిన విద్యగా నిలిచిన చరిత్రను చెప్పువారు సాధారణముగా ఇక్కడినుండియే మొదలుపెట్టుదురు.

మహాపురుషుని నోటిమాటతో ఒక శాస్త్రము పుట్టినదన్న కథలను నమ్ముటకు నా మనస్సు అంతగా ఒప్పదు. ఐనను ఈ కథలో ఒక నిజము దాగియున్నది. ఆనాడు ఇటాలియను, స్పానిషు, ఫ్రెంచి భాషల పుట్టుపూర్వోత్తరములు నేర్చికొనగోరు యువకునకు ఏ విశ్వవిద్యాలయమునందును గురువు లేడు. అందుచేతనే అతడొక కవిని అడుగవలసివచ్చెను.

రొమాన్సు భాషలనగా లాటిను కడుపున పుట్టిన భాషలు. ఇటాలియను, స్పానిషు, పోర్చుగీసు, ఫ్రెంచి, రుమేనియను అందరెరిగినవే. ఇవికాక ప్రొవాన్సాలు, కెటలాను, సార్డీనియా ద్వీపపు భాష, స్విట్జర్లాండు కొండలలోని రొమాన్షు మున్నగునవి కలవు. ఇవి సిసిరో ఉపన్యాసములలోని లాటినునుండి పుట్టినవి కావు. సైనికులు, సంతలో బేరమాడువారు, దున్నుకొనువారు, పాలిచ్చు దాదులు పలికిన వాడుక లాటినునుండి పుట్టినవి. సంస్కృతము ప్రక్కన ప్రాకృతములు ఉండిన తీరు మనకు తెలియును గనుక ఈ సంగతి మనకు వింత తోపదు.

ఈ వాడుక లాటినును గూర్చి మనకు సాక్ష్యమిచ్చినవారిలో ఒక బడిపంతులున్నాడు. అతని పేరు ఎవరికిని తెలియదు. శిష్యులు చేయు తప్పులను వరుసగా వ్రాసి, ‘ఇట్లనవలెను, అట్లనరాదు’ అని 227 మాటలను దిద్దిపెట్టెను. ‘ప్రోబుని అనుబంధము’ అను పేర ఆ పట్టిక నిలిచియున్నది. అందులో ‘ఓకులుస్ అనవలెను, ఓక్లుస్ అనరాదు’ అనునది యొకటి. ఓకులుస్ అనగా కన్ను. పంతులు కోపించినను జనులు ఓక్లుస్ అనుటను మానలేదు. ఆ తప్పుమాటయే ఇటలీలో ఒక్కియో అయ్యెను; స్పెయినులో ఓహో, పోర్చుగలులో ఓల్యు, రుమేనియాలో ఓకి, ఫ్రాన్సులో అయి అయ్యెను. పంతులు కొట్టివేసిన మాటకు ఇన్ని దేశములలో సంతానము కలిగినది. అతడు నిలుపగోరిన మాటకు ఇంటింట వాడుక లేకపోయినది.

క్రీ.శ. 813లో టూర్సు నగరమున సమావేశమైన మతాచార్యులు, ధర్మప్రసంగములను జనులకు బోధపడునట్లు ‘పల్లె రోమను’ భాషలోనికి గాని జర్మను భాషలోనికి గాని మార్చి చెప్పవలెనని తీర్మానించిరి. లాటిను ఇక జనుల భాష కాదని అధికారపూర్వకముగా ఒప్పుకొన్నట్టిది ఆ తీర్మానము. 842లో షార్లమేను మనుమలిద్దరు స్ట్రాస్బూర్గువద్ద చేసికొన్న ప్రమాణములలో ఫ్రెంచి భాషకు మొదటి వ్రాత కనబడును. ఇటాలియనునకు 960లో కాపువా న్యాయసభలో ఒక భూమి హద్దును గూర్చి సాక్షులు పలికిన మాటలు ఆద్యములని చెప్పుదురు. తీర్పంతయు లాటినులో వ్రాసి, సాక్షి మాటను మాత్రము సాక్షి నోట వచ్చినట్లే ఉంచిరి. పొలము తగాదాలో మాట మారరాదు గదా!

తరువాత పదునాల్గవ శతాబ్ది తొలినాళ్లలో డాంటే మహాకవి దేశభాషల గౌరవమును నిలుపుచు ఒక చిన్న గ్రంథము వ్రాసెను. దానిని వ్రాసినది లాటినులో! పండితులకు చెప్పవలసిన మాటను పండితుల భాషలోనే చెప్పవలసియుండెను కాబోలు. ‘అవును’ అనుటకు ‘ఓక్’ అనువారు, ‘ఓయిల్’ అనువారు, ‘సి’ అనువారు అని ఆ భాషలను అతడు మూడుగా విడదీసెను. ఒక్క అవ్యయముతో మూడు దేశములను వేరుచేసిన యీ పద్ధతి నేటికిని పాఠ్యగ్రంథములలో కనిపించును.

ఇంతటి భాషలకు విశ్వవిద్యాలయములలో చోటెందుకు లేకపోయెను? బొలోన్యా, పారిసు, సలమాంకా విద్యాపీఠములలో పాఠము, వాదము, పరీక్ష సమస్తమును లాటినులోనే. ఇంటిలో మాటాడు భాషను గడపవద్దనే విడిచి లోనికి పోవలెను. 1492లో సలమాంకా పండితుడు నెబ్రీహా కస్తీలియను భాషకు వ్యాకరణము రచించి ఇసబెల్లా రాణి ముందుంచినపుడు, ఇది దేనికి ఉపయోగపడునని రాణి అడిగెనని అతడే తన పీఠికలో చెప్పుకొనెను. అందరును పుట్టుకతోనే పలుకు భాషకు వ్యాకరణమెందుకు? ఆ ప్రశ్న న్యాయమైనదే. మూడువందల యేండ్ల తరువాత కూడ విశ్వవిద్యాలయములు ఆ ప్రశ్ననే అడుగుచుండెను. జర్మను విద్యాపీఠములలో ఫ్రెంచి, ఇటాలియను నేర్పువారు లేకపోలేదు. అయితే వారు కత్తిసాము నేర్పువాని సరసన, నాట్యము నేర్పువాని సరసన, గుఱ్ఱపుస్వారి నేర్పువాని సరసన కూర్చుండువారు. గొప్పవారి బిడ్డలకు అలంకారముగా నేర్పెడి విద్యయే కాని శాస్త్రము కాదు. అమెరికాలో హార్వర్డు విద్యాలయము 1819లో జార్జి టిక్నరును ఫ్రెంచి, స్పానిషు వాఙ్మయములకు ఆచార్యునిగా కూర్చుండబెట్టినది. ఆ పీఠమునే తరువాత లాంగ్‌ఫెలో కవి అధిష్ఠించెను. అది సాహిత్యరుచికి చెందిన మాట. శాస్త్రము వేరొకచోట తలయెత్తెను.

రేనువార్ విషయము కొంత చెప్పవలెను. ఇతడు ప్రొవాన్సు ప్రాంతపువాడు, వృత్తిచే న్యాయవాది, నాటకకర్తగా పేరొందినవాడు. 1816 మొదలు 1821 వరకు ఆరు సంపుటములలో త్రూబదూరుల కవిత్వమును ప్రకటించెను. తన సీమ భాషపై గల ప్రేమ అతనిచేత ఒక పెద్ద పొరపాటు చేయించెను. లాటినుకును నేటి భాషలకును నడుమ ఒకే ‘రోమను భాష’ యుండెననియు, అది ప్రొవాన్సాలే యనియు, తక్కినవన్నియు దాని బిడ్డలేయనియు అతడు వాదించెను. ఈ వాదమును 1818లోనే ఖండించినవాడు ఆగస్టు విల్హెల్మ్ ష్లేగెల్. ప్రొవాన్సాలు తల్లి కాదు, తోబుట్టువు మాత్రమే యని ఆతని నిర్ణయము.

ఈ ష్లేగెల్ మనకు పరాయివాడు కాడు. 1818లో స్థాపితమైన బాన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, సంస్కృతము బోధించి, 1823లో భగవద్గీతను దేవనాగరి లిపిలో లాటిను అనువాదముతో అచ్చొత్తించినవాడు. ఆ బాన్ నగరమునకే డీట్స్ 1820 తరువాత చేరుకొనెను. మొదట భాషలు నేర్పు ఉపాధ్యాయుడు, 1823లో ఉపాచార్యుడు, 1830లో పూర్తి ఆచార్యుడు. అనగా ఒకే విద్యాపీఠమున ఒక గదిలో గీతాపాఠమును, మరియొక గదిలో త్రూబదూరుల పాఠమును సాగుచుండెను. సంస్కృతము యూరపునకు తెలియుటచే కలిగిన తులనాత్మక దృష్టియే రెండు గదులలోను వెలుగు నిచ్చినది. డీట్స్ తరగతిలో శిష్యులు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే. అతడు కంటిచూపు తక్కువవాడు, మితభాషి, సభలలో రాణింపనివాడు. 1836 మొదలు 1844 వరకు మూడు సంపుటములలో అతని ‘రొమాన్సు భాషల వ్యాకరణము’ వెలువడినది. దానితో వినోదవిద్య శాస్త్రమైనది.

అతడు చేసినదేమి? తప్పులకు కూడ నియమమున్నదని చూపెను. రాత్రికి లాటినులో ‘నోక్తెమ్’, పాలకు ‘లాక్తెమ్’, ఎనిమిదికి ‘ఓక్తో’. వీనిలోని ‘క్త’ అను జంట ఏమైనదో చూడుడు. ఇటలీలో నొత్తె, లాత్తె, ఒత్తొ. స్పెయినులో నోచె, లేచె, ఓచొ. పోర్చుగలులో నోయితె, లేయితె, ఓయితు. రుమేనియాలో నోప్తె, లాప్తె, ఓప్త్ పోలికలతో నిలిచినది. ఫ్రెంచిలో న్యుయి, లే, యుయిత్. ఇటలీవాడు క్తను త్తగా మార్చినచో ప్రతి మాటలోను మార్చెను. స్పెయినువాడు చకారము చేసినచో ప్రతి మాటలోను చేసెను. ఏ రాజును శాసింపలేదు, ఏ పండితుడును బోధింపలేదు. నిరక్షరుల నాలుక ఇంత క్రమమును పాటించినదన్న సంగతి ఆనాటి పండితులకు కొంత విస్మయమును, కొంత కష్టమును కలిగించియుండును.

ఇక్కడ మన దేశపు ముచ్చట యొకటి చెప్పక తప్పదు. రేనువార్ మొదటి సంపుటము అచ్చైన 1816లోనే చెన్నపట్టణమున ఎ.డి. కాంబెల్ తెనుగు వ్యాకరణమొకటి అచ్చైనది. దాని పీఠికకు అనుబంధముగా ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అను దొర ఒక వ్యాసము వ్రాసెను. తెనుగు సంస్కృతమునుండి పుట్టినదని పలువురు తలచుచుండిన కాలమది. ఎల్లిస్ తెనుగు, తమిళ, కన్నడ ధాతువులను ప్రక్కప్రక్కన పేర్చి, సంస్కృతపదములు తెనుగులో ఎన్ని చేరినను మూలము వేరనియు, ఈ దక్షిణ భాషలు ఒక కుటుంబమునకు చెందినవనియు నిరూపించెను. ఫ్రాంజ్ బాప్ సంస్కృత క్రియారూపములను గ్రీకు, లాటిను రూపములతో పోల్చిన గ్రంథమును అదే సంవత్సరమున వెలువడినది. చెన్నపట్టణము, పారిసు, ఫ్రాంక్‌ఫర్టు: మూడు నగరములలో ఒక్క యేట మూడు భాషాకుటుంబములకు వంశవృక్షములు గీయబడినవి. ఎల్లిస్ మూడేండ్లకే మరణించెను. అతని వ్యాసమును యూరపు పండితులు చాలకాలము పట్టించుకొనలేదు. 1856లో కాల్డ్వెలు గ్రంథము వచ్చినపిదప ఆ కీర్తి కాల్డ్వెలునకే దక్కినది. డీట్సునకు పీఠము దొరకినది, శిష్యులు దొరకిరి. ఎల్లిసునకు అవి లేవు. సత్యము ఒకటే ఐనను దానికి తరగతి గది యొకటి దొరకుట, దొరకకపోవుటలలో ఎంత భేదమున్నదో ఈ ఇద్దరిని చూచిన తెలియును.

రెండు కుటుంబములలోను ధ్వనులు ఒకే దారిని నడచిన తావులు కలవు. లాటినులో నూరు ‘కెంతుమ్’. ఎకారము ముందరి కకారము ఇటలీలో చకారమై ‘చెంతొ’ అయ్యెను, ఫ్రెంచిలో సకారమయ్యెను. సార్డీనియా మధ్యసీమలలో మాత్రము నేటికిని ‘కెంతు’ అందురు. మన ‘చెవి’ని చూడుడు. తమిళమునను చెవియే. కన్నడిగులు మాత్రము ‘కివి’ అందురు. వారు ప్రాచీన కకారమును కాపాడుకొనిరి. ఈ విషయమున కన్నడము మనకు సార్డీనియా వంటిది. తెనుగును ‘తూర్పుదేశపు ఇటాలియను’ అని మెచ్చుకొనుట మనకు పరిపాటి. ఆ మెప్పు పదములు అచ్చులతో ముగియుటను గూర్చినదే కాని చుట్టరికమును గూర్చినది కాదు. నా మట్టుకు ఈ చెవి, చెంతొల పోలిక ఆ మెప్పుకంటె రుచికరముగా నున్నది.

భేదము కూడ నొకటి కలదు. రొమాన్సు విద్యార్థికి బిడ్డలును కన్నులయెదుట నున్నారు, తల్లి వ్రాసిన జాబులును పెట్టెలో నున్నవి. మూలద్రావిడమున వ్రాసిన అక్షరమొక్కటియు మనకు లేదు. అందువలన బిడ్డలనుబట్టి తల్లిని ఊహించు పద్ధతి ఎంతవరకు నమ్మదగినదో పరీక్షించుటకు రొమాన్సు భాషలే గీటురాయి యైనవి. ఆ పరీక్షలో తేలినదేమనగా: ఇటలీ కవాల్లొ, స్పెయిను కబాల్యొ, ఫ్రెంచి షెవాల్, రుమేనియా కాల్, వీనినిబట్టి గుఱ్ఱమునకు ‘కబాల్లుస్’ అను మాట ఏర్పడును. గ్రంథములలో గుఱ్ఱము ‘ఎక్వుస్’. కబాల్లుస్ అనునది బరువు మోయు తట్టువకు జనులు వాడిన పేరు. అనగా ఈ పద్ధతి మనలను కవుల లాటిను వద్దకు గాక బండివాని లాటిను వద్దకు చేర్చును. 1961లో బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును, తెనుగు ధాతువులపై భద్రిరాజు కృష్ణమూర్తిగారి గ్రంథమును వెలువడినపుడు వారు అవలంబించిన మార్గము మూలమున ఇదియే. డీట్స్ తన రొమాన్సు వ్యుత్పత్తి నిఘంటువును 1853లోనే ముగించియుండెను.

ఫ్రెంచివారు తమ భాషాచరిత్రను జర్మనీకి పోయి నేర్చికొనవలసివచ్చెను. 1856లో పదునేడేండ్ల గాస్తోం పారీని తండ్రి బాన్ పంపెను. తండ్రియు మధ్యయుగ ఫ్రెంచి వాఙ్మయమునకు ఆచార్యుడే. కుమారుడు డీట్స్ పద్ధతిని స్వదేశమునకు తెచ్చెను. 1870లో జర్మను సేనలు పారిసును ముట్టడించి యుండగా, డిసెంబరు 8వ తేదీన, కొలేజ్ ద ఫ్రాన్సులో అతడు రోలాం వీరగాథను గూర్చి ఉపన్యసించెను. చుట్టును శత్రుసైన్యము, విషయము ఫ్రెంచివారి జాతీయకావ్యము. ఆవేశమునకు లోటుండదనుకొందుము. కాని అతడు, శాస్త్రమునకు సత్యముకంటె వేరు యజమాని లేడనియు, దేశభక్తికై సత్యమును రవంతయు వంచరాదనియు చెప్పెను. తనకు గురువైన జర్మను వృద్ధుడు అప్పటికి బాన్ నగరమున జీవించియే యుండెను. 1872లో గాస్తోం పారీ, పోల్ మేయర్ కలిసి ‘రొమేనియా’ పత్రికను స్థాపించిరి. ఆ పత్రిక ఈ విద్యకు నేటికిని ప్రమాణములలో నొకటి.

పీఠములు పెరుగుటకు ఆదర్శములొక్కటే కారణము కాదు. లాటిను, గ్రీకులకు బదులు ఆధునిక భాషలు చెప్పు పాఠశాలలు జర్మనీలో పెరిగినవి. వానికి పట్టము పొందిన ఉపాధ్యాయులు కావలసిరి. మొదట ఒకే ఆచార్యుని మెడకు రొమాన్సు భాషలను, ఇంగ్లీషును కలిపి కట్టిరి. తరువాత విడదీసిరి. ఇంగ్లండునందు ఆక్సుఫర్డు 1903లో గాని ఆధునిక భాషలకు పూర్ణ పట్టమును ఏర్పరుపలేదు. అక్కడ మిల్డ్రెడ్ పోప్ అను విదుషి 1893లోనే పరీక్షలో ప్రథమశ్రేణి నందినను స్త్రీ యగుటచే పట్టమీయలేదు. ఆక్సుఫర్డు స్త్రీలకు పట్టములిచ్చినది 1920లో. ఆమె 1904లో పారిసునుండి డాక్టరు పట్టము తెచ్చుకొనెను. లాటినునుండి నేటి ఫ్రెంచి వరకు ధ్వనుల నడకను చెప్పుచు ఆమె 1934లో ప్రకటించిన గ్రంథముపై ఇంగ్లీషు విద్యార్థులు తరతరములు ఆధారపడిరి.

గ్రంథాలయములలో పుట్టిన యీ విద్య శతాబ్ది మారునప్పటికి పొలముగట్లకు చేరినది. ఝిలియెరోం అను స్విస్ పండితుడు ఫ్రాన్సు మాండలికముల పటము గీయదలచి, ఊరూర తిరుగుటకు పండితుని గాక ఎడ్మోం అను కిరాణా వర్తకుని ఎన్నుకొనెను. చెవి చురుకైనవాడు, సిద్ధాంతములు తెలియనివాడు, కనుక విన్నదానిని విన్నట్లే వ్రాయును. అతడు 1897 మొదలు 1901 వరకు 639 గ్రామములు తిరిగి, వేయికి పైబడిన ప్రశ్నలకు జవాబులు వ్రాసికొనెను. ఆ పటములలో తేలిన ఒక ముచ్చట వినుడు. గాస్కనీ సీమలో లాటిను పదాంతమందలి ‘ల్ల’ తకారమగును. అందుచే పుంజు అను అర్థముగల ‘గాల్లుస్’ అక్కడ ‘గత్’ కావలెను. పిల్లికిని అక్కడ ‘గత్’ అనియే పేరు. పుంజును పిల్లి ఎత్తుకొనిపోయినదని చెప్పబోయిన రైతు, గత్తును గత్తు ఎత్తుకొనిపోయినదనవలసి వచ్చును! చూడగా, సరిగా ఆ సీమలోనే జనులు పుంజునకు పాతపేరు విడిచిపెట్టి, ఒకచోట అడవికోడి పేరును, మరియొకచోట చర్చి ఉపగురువు పేరును పెట్టుకొనియుండిరి. ధ్వనినియమము మాటను చంపగా, అవసరము మరియొకదానిని పుట్టించినది.

స్పెయినులో రామోన్ మెనెందెథ్ పిదాల్ 1899లో మాడ్రిడు విశ్వవిద్యాలయమున లాటిను, కస్తీలియను తులనాత్మక భాషాశాస్త్రమునకు ఆచార్యుడయ్యెను. మరుసటి సంవత్సరము వివాహమాడి, భార్య మరియా గోయిరీతో కూడి సిద్ వీరుడు ప్రవాసమేగిన దారిలో పెండ్లియాత్ర సాగించెను. ఆమెయు సామాన్యురాలు కాదు. మగపిల్లల నడుమ కూర్చుండరాదను షరతులకు ఓర్చి అదే విశ్వవిద్యాలయమున చదివిన తొలి స్త్రీలలో నొకతె. ఓస్మా అను ఊర ఆమె ఒక పాతపాటను చదివి వినిపింపగా, అక్కడి చాకలి స్త్రీ తనకును అట్టివి వచ్చునని చెప్పి పాడసాగెను. అందులో ఒకటి 1497లో చనిపోయిన డాన్ హువాన్ రాకుమారుని మరణమును గూర్చినది. నాలుగువందల యేండ్లు ఆ పాట అచ్చునకు ఎక్కలేదు. కస్తీలులో పాటలు చచ్చినవనియే పండితులు నమ్మియుండిరి. దంపతులిరువురు అక్కడనే కూర్చుండి వ్రాసికొనిరి. దానితో స్పానిషు గాథాసేకరణము కొత్త దారి పట్టినది.

ఈ విద్యకు గొప్ప పరీక్ష 1933లో వచ్చినది. నాజీలు అధికారమునకు రాగానే కొలోన్ విశ్వవిద్యాలయమున రొమాన్సు ఆచార్యుడైన లియో స్పిట్సరును, యూదుడను కారణమున, తొలగించిరి. అతడు ఇస్తాంబూలు పోయి, 1936లో అమెరికా చేరెను. మార్బుర్గునందు అతని వెనుక పీఠమెక్కిన ఎరిహ్ అవెర్బాహును 1935లో తొలగించిరి. ఆతని పనులను చూచిన వెర్నర్ క్రౌస్ యూదుడు కాకపోయినను నాజీలను ఎదిరించిన రహస్యసంఘమున చేరి 1942లో పట్టుబడెను. మరుసటి యేడు మరణశిక్ష విధించిరి. చెరలో ఉరికై ఎదురుచూచుచు అతడొక నవల వ్రాసెను. శిక్ష తరువాత మార్చబడి బ్రతికి బయటపడెను. ఒక్క ఊరి ఒక్క శాఖ కథ యిది.

డ్రెస్డెనులో విక్టర్ క్లెంపరర్ పదునెనిమిదవ శతాబ్ది ఫ్రెంచి వాఙ్మయమునకు చరిత్ర వ్రాయుచుండెను. 1935లో ఉద్యోగము పోయెను. 1938లో గ్రంథాలయములు మూసివేయబడెను. 1939లో యూదుల ఇండ్లలోని రేడియోలను లాగుకొనిరి. పుస్తకములు లేని భాషాశాస్త్రవేత్తకు ఏమి మిగులును? చుట్టును వినబడు భాష మిగులును. పత్రికలలో, గోడలపై, కర్మాగారములో, పోలీసు నోట ఏ మాటలు ఎట్లు చెడుచున్నవో అతడు దినచర్యలో వ్రాసికొనెను. అది దొరకినచో తనకును, దానిని దాచు నెచ్చెలికిని ప్రాణాపాయము. అందులోనుండి 1947లో నాజీల భాషను గూర్చిన గ్రంథము వెలువడినది. మాటలకు జబ్బు చేసిన తీరు చెప్పు పుస్తకములలో అంతకు మించినది నేనెరుగను. భాషల చుట్టరికమును బోధించిన ఆచార్యులే జర్మనీలో నాజీల పక్షమున నిలిచిన ఉదాహరణములును కలవు. శాస్త్రము మనిషిని దానంతటదే కాపాడదు.

అవెర్బాహ్ 1936 మొదలు 1947 వరకు ఇస్తాంబూలు విశ్వవిద్యాలయమున బోధించెను. ‘మిమేసిస్’ అను సుప్రసిద్ధ గ్రంథమును యుద్ధకాలమున అక్కడనే వ్రాసెను. తన చేతికి పెద్ద గ్రంథాలయము లేకపోవుటయే ఆ పుస్తకము పుట్టుటకు కారణము కావచ్చునని చివర చెప్పుకొనెను. అంతగా పేరు పొందనిది మరియొక చిన్న పుస్తకము కలదు: తన తుర్కీ విద్యార్థులకై వ్రాసిన ‘రొమాన్సు భాషాశాస్త్ర ప్రవేశిక’. 1944లో తుర్కీ అనువాదముగను, 1949లో ఫ్రెంచి మూలముగను వెలువడినది. బైబిలు కథలు, లాటిను పాఠములు, రోమను సామ్రాజ్యపు జ్ఞాపకము ఏవియు ఇంట లేని పిల్లలకు ఈ విద్య యేమిటో, ఎట్లు చదువవలెనో మొదటినుండి చెప్పిన పుస్తకమది. దేనినీ తెలిసినట్లు అనుకొనలేదు. ఈ విషయమున నాకు తెలిసిన ప్రవేశికలలో పరదేశి విద్యార్థిని ఇంత ఓపికతో కూర్చుండబెట్టి చెప్పినది వేరొకటి లేదు.

ఇటీవలి కాలమున ఇసబెల్లా రాణి ప్రశ్న మరల వినవచ్చుచున్నది. 2010లో న్యూయార్కు రాష్ట్రపు ఆల్బనీ విశ్వవిద్యాలయము ఫ్రెంచి, ఇటాలియను పట్టములకు విద్యార్థులను చేర్చుకొనుట ఆపివేయుచున్నట్లు ప్రకటించెను. 2023లో వెస్టు వర్జీనియా విశ్వవిద్యాలయము భాషాశాఖను మూసి, భాషలలోని పట్టములను తీసివేయుటకు నిశ్చయించెను. వ్యయము, విద్యార్థుల సంఖ్య అనునవి చెప్పిన కారణములు. డీట్స్ తరగతికి ఆ లెక్కను వర్తింపజేసియుండినచో బాన్ పీఠము ఒక సంవత్సరమైనను నిలిచియుండునా యని సందేహము.

హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు బోధనకై స్థాపితమైన సంస్థ క్రమముగా పెరిగి, నేడు ఇంగ్లీషు, విదేశీభాషల విశ్వవిద్యాలయమై, ఫ్రెంచి, స్పానిషు, ఇటాలియను భాషలను నేర్పుచున్నది. అక్కడ చేరు తెనుగు పిల్లవాడు అవెర్బాహ్ ముందు కూర్చున్న తుర్కీ విద్యార్థి వంటివాడే. లాటిను అతని తాతలది కాదు. కాని చెవిని కివి అను పొరుగువాడు అతనికి తెలియును. ‘కెంతుమ్’ నల్లబల్లపై వ్రాసి, దాని ప్రక్కన ‘చెంతొ’ అని వ్రాసిన క్షణమున, తక్కిన దేశముల పిల్లలకు విప్పి చెప్పవలసినది అతనికి సగము ముందే తెలిసియుండును.